బడిపిల్లల ఫ్లోరోసిస్ స్టడీ: గైడ్ దగ్గరికి వెళ్లే ముందు ఈ ప్లాన్ ఒకసారి చూస్తారా?

ఒంగోలులో ఎంబీబీఎస్ చదువుతున్నా. కమ్యూనిటీ మెడిసిన్ మేడంని గైడ్‌గా ఉండమని అడగాలి. అంశం: కనిగిరి వైపు 12 ఏళ్ల బడిపిల్లల్లో పళ్ల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లపై వచ్చే మచ్చలు), తాగునీటిలో ఫ్లోరైడ్. చేతిలో ఉన్నది రెండు నెలలే, అదీ ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక. ముందే డేటా తీసేసి తర్వాత సంతకం పెట్టించుకోవడం కుదరదు కదా.

శాంపిల్ సైజు, అంటే ఎంతమంది పిల్లల్ని చూడాలో, 4పీక్యూ/డీ² సూత్రం ప్రకారం వేశాను (పీ అంటే ప్రివలెన్స్, క్యూ అంటే 100 లోంచి పీ తీసేస్తే వచ్చేది, డీ అంటే ఒప్పుకునే తేడా). ప్రివలెన్స్ (ఫ్లోరోసిస్ ఉన్న పిల్లల శాతం) 50 శాతం, తేడా 10 శాతం అనుకుంటే 100 మంది. తేడా 5 శాతానికి దించితే ఏకంగా 400! పైగా బడులవారీగా ఎంచుకుంటే క్లస్టర్ శాంప్లింగ్ (గుంపులుగా ఎంచుకోవడం) కాబట్టి శాంపిల్‌ని పెంచే గుణకం, డిజైన్ ఎఫెక్ట్, 2 వేయాలేమో, అప్పుడు 100 కాస్తా 200. ఒక్కడినే చేయగలనా?

అసలు చిక్కు వేరే. శాశ్వత ముందుపళ్ల ఎనామెల్ (పంటి గట్టి పైపొర) చిన్నప్పుడే తయారవుతుంది. ఇవాళ ఇంట్లో ఆర్‌వో క్యాన్ నీళ్లుంటే, వాటి ఫ్లోరైడ్ కొలిచి పళ్ల మచ్చలతో ముడిపెట్టడం తప్పు. అందుకే పుట్టినప్పటి నుంచి అదే ఊళ్లో ఉన్నవాళ్లనే తీసుకుని, మొదటి ఆరేళ్లు బోరు నీళ్లా, కుళాయి నీళ్లా అని తల్లిని అడుగుదామనుకుంటున్నా. జ్ఞాపకం మీద ఆధారపడటం ఎంతవరకు నమ్మొచ్చు?

నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లోనే పడతాను, గాజు వద్దు. ఫ్లోరైడ్ కొలత అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో (ఫ్లోరైడ్‌ని పట్టి కొలిచే పరికరం), కొలత సరిగ్గా రావడానికి టిసాబ్ బఫర్ అనే ద్రావణం కలిపి.

డీన్స్ ఇండెక్స్ (పళ్ల మచ్చల తీవ్రతకు ఇచ్చే గ్రేడు) నేనే వేయొచ్చా, డెంటల్ వాళ్లు తప్పనిసరా? తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం తెలుగు ఫారాల నమూనా ఎవరి దగ్గరైనా ఉందా?