ఖాతాలు అందరికీ ఉన్నాయి, డబ్బు మాత్రం అందులో నిలవడం లేదు. ఏం నేర్పాలి?

ప్రశ్న:
ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, రోజు కూలీలు ఓ ఇరవై మందికి ప్రతి ఆదివారం డబ్బు విషయాలు చెబుతున్నాను. పొదుపు, బడ్జెట్, చక్రవడ్డీ అన్నీ చెప్పాను, శ్రద్ధగానే విన్నారు. ఖాతాలూ ఉన్నాయి. కానీ డబ్బు పడిన రోజే మొత్తం తీసేస్తున్నారు, అవసరమొస్తే మళ్ళీ వడ్డీ వ్యాపారి దగ్గరికే. మొన్న ఒకావిడ 100 అప్పుకి 90 చేతికిచ్చి, వారానికి 10 చొప్పున పది వారాలు కట్టించుకునే చోట తీసుకుంది. "పది శాతమేగా" అంది. చాలా బాధేసింది. నేను చెప్పే తీరులోనే లోపం ఉందా?

జవాబు 1:
చక్రవడ్డీ పక్కన పెట్టి ఆవిడ అప్పుతోనే మొదలుపెట్టండి. చేతికొచ్చింది 90 కాబట్టి తొమ్మిది గులకరాళ్ళు పెట్టి వారానికొకటి తీయించండి. తొమ్మిదో వారానికి రాళ్ళు అయిపోతాయి, పదో రాయి ఎక్కణ్ణుంచి తెస్తారో వాళ్ళనే అడగండి. వారం వారం అసలు తగ్గిపోతోంది కదా, ఆ తగ్గే అసలు మీద లెక్కేస్తే వారానికి దాదాపు 2 శాతం, అంటే ఏడాదికి 100 శాతం పైమాటే. ఫ్లాట్ వడ్డీ, అంటే అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే వేసే వడ్డీ, కూడా ఇంతే: ఏడాదికి 12 శాతం అని చెప్పి ఏడాదిపాటు నెలవాయిదాలు కట్టించుకుంటే నిజంగా పడే రేటు 21 శాతం దాటుతుంది.

జవాబు 2:
లెక్క చెప్పడం మంచిదే, కానీ వాళ్ళకి లెక్క రాదని మాత్రం అనుకోకండి. మా అమ్మ కూలికెళ్ళేది. ఎవరికెంత ఇవ్వాలో, ఏ వారం పని దొరకదో, దానికి ముందు ఎంత దాచాలో అంతా నోటిమీదే ఉండేది. బ్యాంకుకెళ్తే ఒకరోజు కూలి పోయేది. ఒకసారి ఫారం తప్పు రాసిందని అందరి ముందూ గట్టిగా అని వెనక్కి పంపారు, ఆ తర్వాత నేను తోడు లేకుండా ఆవిడ ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. అప్పిచ్చేవాడేమో రాత్రి తొమ్మిదింటికి కూడా తలుపు తీసేవాడు. మీవాళ్ళు డబ్బు ఎందుకు తీసేస్తున్నారో అడిగారా? కనీస నిల్వ లేదని కోసేస్తారన్న భయం కావచ్చు, ఇంట్లో ఎవరైనా లాగేసుకుంటారన్న టెన్షన్ కావచ్చు.

జవాబు 3:
పై ఇద్దరి మాటకీ ఆధారాలున్నాయి. 2014లో వచ్చిన ఒక పరిశోధన పాత అధ్యయనాలు 201 కలిపి చూస్తే, డబ్బు విషయంలో మనిషికీ మనిషికీ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో ఆర్థిక పాఠాల వల్ల వచ్చింది 0.1 శాతమే. నేర్చుకున్నది నెలలు గడిచేకొద్దీ మరిచిపోతారు కూడా, అందుకే అవసరం పడే రోజుకి దగ్గరగా చెప్పాలి. డొమినికన్ రిపబ్లిక్‌లో చిరువ్యాపారులకు అకౌంటింగ్ పాఠాలు చెబితే పెద్దగా ఫలితం రాలేదు, చిన్న చిన్న సూత్రాలు చెబితే వచ్చింది. ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు వేరువేరుగా ఉంచండి, అలాంటివన్నమాట. కెన్యాలో తాళం వేసుకునే ఇనప పెట్టె ఇస్తే చాలు, వైద్యం ఖర్చుకి దాచుకోవడం పెరిగింది. ఇంకొకటి, ఫోన్‌కొచ్చే మెసేజ్ చదవడం నేర్పండి. అది చదవలేకే పిన్ నంబర్ ఎవరికో చెప్పేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
రాళ్ళ లెక్క ఈరోజే చేశాం. ఆవిడ పదో వారం దగ్గర చెయ్యి ఆపేసి చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు ఎందుకు తీసేస్తున్నారని అడిగితే పదకొండు మంది ఒకటే చెప్పారు: ఎప్పుడో ఏదో కోత పడింది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. వచ్చే ఆదివారం పాస్‌బుక్కులు తెమ్మన్నాను, ఒక్కొక్కరి కోతలు వెతికి చూస్తాం.