అప్‌డేట్: కడపలో పొలం కేసు, లాయరు మార్పు

పొలం గట్టు కేసులో లాయరును మార్చొచ్చా, ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వనంటే ఎట్లా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. మార్చొచ్చు. పాతాయన దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని, కొత్తాయనకు మన తరఫున వాదించే అధికారమిచ్చే వకాలత్‌నామాతో కోర్టులో దాఖలు చేయాలి. ఇవ్వకపోతే కోర్టు అనుమతికి పిటిషన్ వేయాలి. ఫీజు కోసం ఫైలు ఆపే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. బాకీ వేరేగా వసూలు చేసుకోవాల్సిందే.

కొత్తాయన కోసం కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో కడప జిల్లా ఎంచుకుని అడ్వకేట్ పేరుతో వెతకండి. సివిల్ కేసులు నడుపుతున్నారా, వాయిదాల్లో ఏం జరిగిందో తెలుస్తుంది. ఎంత పేరున్న క్రిమినల్ లాయరైనా సరే, ఈ కేసుకు అడంగల్ (పొలం సాగు రికార్డు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటాల పుస్తకం) చదవగలిగినాయనే కావాలి.

ఒకటి మాత్రం జాగ్రత్త: సమన్లు అందాక జవాబు దావాకు 30 రోజులే, కోర్టు ఒప్పుకుంటే 90. లాయరు మారుతున్నామని గడువు ఆగదు. ఆడవాళ్లకైతే ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.