గోదారి పంటు కూడా ఎక్కని అమ్మని సీషెల్స్ చిన్న షిప్ క్రూజ్‌కి తీసుకెళ్లొచ్చా?

రాజోలు_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక ఊరు, నేను ఉద్యోగం హైదరాబాద్‌లో. పోయిన మాఘంలో నాన్నగారి షష్టిపూర్తి చేశాం. బంధువులంతా వచ్చారు, బాగా జరిగింది, కానీ ఆ మూడు రోజుల్లో అమ్మా నాన్నగారూ పీటల మీద తప్ప ఇద్దరూ కలిసి కూర్చున్న పూట ఒక్కటి లేదు. అందుకని నేనూ తమ్ముడూ రెండేళ్లుగా దాచిన డబ్బుతో వాళ్లిద్దరినీ ఒక వారం ఎక్కడికైనా తీసుకెళ్దాం అనుకుంటున్నాం, మేమూ కూడా వెళ్తాం.

వేలమంది ఎక్కే పెద్ద షిప్ వద్దనుకున్నాం. మా పిన్ని వాళ్లు వెళ్లొచ్చి టిఫిన్‌కి క్యూ, దిగడానికి క్యూ అన్నారు. ముప్పై నలభై మందే ఉండే చిన్న లగ్జరీ షిప్‌లు చూస్తుంటే రెండు నచ్చాయి. ఒకటి ఇండోనేషియాలో లబువాన్ బాజో నుంచి కొమోడో దీవులు తిప్పే పినిసి చెక్క ఓడ, రెండోది హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులు తిప్పే షిప్. నాన్నగారు కొబ్బరి రైతు, అక్కడ సముద్రపు కొబ్బరి అనే చెట్టు ఉందట, కాబట్టి నా మనసు సీషెల్స్ వైపే ఉంది.

అసలు భయం అమ్మ గురించి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు టీవీ ముందు నుంచి లేవలేదు. అప్పటి నుంచి సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కూడా ఎక్కదు, నర్సాపురం వెళ్లాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఇలాంటి మనిషిని తీసుకెళ్లడం తప్పా? ఏ నెలలో వెళ్లాలి?

కాకినాడ_ఇంజన్‌రూం

నేను పదకొండేళ్లు షిప్‌ల మీద పనిచేశానండి. ముందు నిజం చెప్పాలి, చిన్న షిప్ పెద్దదాని కంటే ఎక్కువ ఊగుతుంది. పెద్ద క్రూజ్‌లకి నీళ్ల కింద రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, చిన్నవాటికి ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అది అడగండి. అంతకంటే ముఖ్యంగా, రాత్రి షిప్ ఎక్కడుంటుందో అడగండి. దీవి చాటున లంగరు వేసి పడుకోనిచ్చి పగలు రెండు మూడు గంటలు కదిలే షిప్ అయితే మీ అమ్మగారికి చాలా తేలిక, రాత్రంతా నడిపేదైతే నిద్ర ఉండదు. క్యాబిన్ మధ్యలో, కింది డెక్‌లో తీసుకోండి. ఏజెంట్లు పైన, ముందు వైపు ఉన్నవి ఎక్కువ రేటుకి గొప్పగా చెప్తారు కానీ ఊపు అక్కడే ఎక్కువ. వాంతుల మాత్ర డాక్టర్‌ని అడిగి, షిప్ కదలకముందే వేయాలి. వికారం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు.

కొమోడో ఓడలు అందంగా ఉంటాయి, సౌత్ సులవేసిలో ఆ ఓడలు కట్టే విద్యని 2017లో యునెస్కో గుర్తించింది కూడా. కానీ ఆ దీవుల మధ్య సందుల్లో నీటి లాగుడు గట్టిగా ఉంటుంది. మొదటిసారి సముద్రం ఎక్కే మనిషికి నేను సీషెల్స్ అనే అంటాను. భూమధ్యరేఖకి నాలుగు డిగ్రీల దక్షిణాన ఉంటాయి కాబట్టి మాహే, ప్రాలిన్, లా డీగ్ లాంటి ప్రధాన దీవులు తుఫాన్ల దారిలో పడవు. మే నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుంది, సముద్రం లేస్తుంది. గాలులు మారే ఏప్రిల్, అక్టోబర్ చివర, నవంబర్, ఇవే నెమ్మదైన రోజులు.

భయం సంగతి. ఎక్కగానే లైఫ్ జాకెట్ తొడిగించి, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే డ్రిల్ ఉండాలి. ఎప్పుడు చేస్తారో బుకింగ్‌కి ముందే అడగండి, తడబడితే వేరే షిప్ చూడండి. ఆ డ్రిల్‌లో అమ్మగారి పక్కనే నిలబడి జాకెట్ బకిల్ ఆవిడ చేతే పెట్టించండి. ఇంకో మాట, దిండి హౌస్‌బోట్‌లో ఒక రాత్రి ఉంచి చూస్తే సరిపోతుందనుకోకండి, అక్కడ అలే ఉండదు. భయం పోవాలంటే ముందు పంటు ఎక్కించండి.

భీమవరం_కోడలు

మేము రెండేళ్ల కిందట నవంబర్‌లో అత్తయ్యగారు, మామయ్యగారితో వెళ్లాం, సీషెల్స్‌కే. వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకుని, తిరుగు టికెట్, బస వివరాలు చూపిస్తే చాలు. రాజమండ్రి నుంచి ముంబై, అక్కడి నుంచి మాహే.

మోకాళ్ల నొప్పులు అన్నారు కదా, దాని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు. చిన్న షిప్ తీరానికి ఆనదు. షిప్ వెనక మెట్ల మీద నుంచి రబ్బరు బోటులోకి దిగాలి, ఆ బోటు ఇసుక దగ్గర ఆగాక అంచు మీద నుంచి కాళ్లు తిప్పి మోకాల్లోతు నీళ్లలోకి దూకాలి. వాళ్లు దీన్ని వెట్ ల్యాండింగ్ అంటారు. ఇద్దరు కుర్రాళ్లు రెండు చేతులూ పట్టుకుంటారు, మర్యాదగా దింపుతారు, అయినా అత్తయ్యగారు చీర తడుస్తుందని మొదటి రెండు రోజులు షిప్‌లోనే ఉండిపోయారు. మూడో రోజు చుడీదార్, రబ్బరు చెప్పులతో దిగారు. క్యూరియూజ్ దీవిలో పెద్ద తాబేళ్లు మనుషుల మధ్య తిరుగుతుంటే ఒకదాని మెడ నిమురుతూ అరగంట కూర్చున్నారు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది. ఏ దీవిలో జెట్టీ ఉంది, ఎక్కడ నీళ్లలో దిగాలి, రోజువారీగా రాయించుకోండి.

మాకు చేదు అనుభవం తిండి దగ్గర. కార్తీకమాసం, అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. ఏజెంట్‌కి మూడుసార్లు చెప్పాం, షిప్‌కి మాత్రం చేరలేదు. వంటాయన మంచివాడు, నేను పప్పు, దొండకాయ వేపుడు లాంటివి కాగితం మీద రాసిస్తే ఉన్నవాటితో చేసిపెట్టాడు, కానీ మొదటి రోజు ఆవిడ పళ్లతో గడిపారు. మీరు షిప్ కంపెనీకే మెయిల్ పెట్టి జవాబు తీసుకోండి. ఛార్జీలో పార్కుల ఎంట్రీ, టిప్పులు ఉన్నాయో లేదో కూడా అందులోనే అడగండి.

అంబాజీపేట_తోట

అమ్మాయ్, మీ నాన్న కొబ్బరి రైతు అన్నావు కాబట్టి రాస్తున్నాను. ఆయన్ని ప్రాలిన్ దీవిలో వల్లే ద మే అనే అడవికి తప్పకుండా తీసుకెళ్లు. కోకో డి మేర్, సముద్రపు కొబ్బరి, సహజంగా పెరిగేది ప్రపంచంలో ఆ ప్రాలిన్‌లో, పక్కన క్యూరియూజ్‌లో మాత్రమే. మన చెట్టుకి పిందె నుంచి కాయ ముదరడానికి ఏడాది పడితే దానికి ఆరేడేళ్లు. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. దాని విత్తనం ప్రపంచంలోకెల్లా పెద్దది, ఇరవై కిలోలకి పైనే తూగేవి ఉన్నాయి. పూర్వం ఆ కాయలు మాల్దీవుల ఒడ్డుకి కొట్టుకొస్తే చెట్టు సముద్రం అడుగున ఉందనుకునేవారట, మన సాధువులు కొందరు దాని చిప్పనే కమండలంగా వాడతారు. నేను ఎండు చిప్పనే చూశాను, చెట్టు చూసే అదృష్టం లేదు. కొనాలనిపిస్తే సర్కారు పర్మిట్ కాగితం ఉన్నదే కొనండి, లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

నెల గురించి. అక్టోబర్, నవంబర్‌లో ఆయన్ని కదపకు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను చూసిన ఏ కోనసీమ రైతూ ఆ రెండు నెలలు తోట వదిలి నిశ్చింతగా ఉండలేడు, తెల్లారేసరికి చెట్లన్నీ పడుకుని ఉన్నాయి. మొన్న 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను వచ్చినప్పుడు కూడా రాత్రంతా మేలుకునే ఉన్నాం. ఆయన్ని అక్కడ కూర్చోబెడితే ఫోన్‌లో వాతావరణం చూసుకుంటూ ఉంటాడు. ఏప్రిల్‌లో తీసుకెళ్లు. దాళ్వా వరి, అంటే రెండో పంట ఉంటే కోతలు అడ్డం, తోట ఒక్కటే అయితే కాయల దింపు ముందు చేయించేసి వెళ్లొచ్చు.

రాజోలు_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్ అండి. వరి పొలం కౌలుకి ఇచ్చేశాం, తోట ఒక్కటే, కాబట్టి ఏప్రిలే. బాబాయ్ గారూ, మీరు రాసింది నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆరేడేళ్లా అని రెండుసార్లు అడిగారు, తర్వాత మగ చెట్టు పూత ఎలా ఉంటుందని అడిగారు. కొమోడో వదిలేశాం.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం ఊరెళ్తున్నాను, నర్సాపురంలో లేసు కొనాలని పంటు మీదే తీసుకెళ్దామని ఉంది, బలవంతం మాత్రం చేయను. భీమవరం అక్కా, మీరు వంటాయనకి రాసిచ్చిన ఆ కాగితం ఫోటో ఉంటే ఇక్కడ పెట్టగలరా? అమ్మ శనివారాలు ఒంటిపూటే తింటుంది.