17 మందిమి, ఆరేళ్ల పాప నుంచి 71 ఏళ్ల అత్త దాకా: నల్లమల నడక ఒకే గుంపుగానా, రెండు జట్లుగానా?

నందికొట్కూరు కోడలు:

అందరికీ నమస్కారం. ఈ శివరాత్రికి మా అత్తగారింటివాళ్లం అందరం కలిసి శ్రీశైలానికి నడిచి వస్తామని మొక్కుకున్నాం. మొత్తం 17 మందిమి. అందరికంటే పెద్దది మా అత్త, 71 ఏళ్లు. అందరికంటే చిన్నది మా తోడికోడలి పాప, ఆరేళ్లు. పదేళ్లలోపు పిల్లలు ఇంకో నలుగురు ఉన్నారు. మా బావగారికి షుగరు, ఆడపడుచుకు మోకాళ్ల నొప్పులు. మిగిలినవాళ్లం బాగానే నడుస్తాం.

దారి తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగుతాం. నాగలూటి వీరభద్రస్వామి గుడి, దామర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, తర్వాత హాటకేశ్వరం మీదుగా గుడి. 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. రాత్రికి పెచ్చెరువులో పడుకోవాలని అనుకుంటున్నాం.

గొడవంతా ఇక్కడే. మా మరిది రెండు జట్లు చేద్దామంటాడు. నడవగలిగినవాళ్లు ముందు పోయి పెచ్చెరువులో చోటు పట్టి వంట మొదలుపెడతారు, పిల్లలూ పెద్దవాళ్లూ మెల్లగా వస్తారని. మా మామ ఒప్పుకోవడం లేదు. "కలిసి మొక్కుకున్నాం, కలిసే నడవాల" అంటున్నాడు. పది రోజులుగా ఇంట్లో ఇదే మాట. నడిచి వచ్చినవాళ్లు చెప్పండి, ఏది మేలు?

ఆత్మకూరు వాసి:

వదినా, మీ మరిది చెప్పిందే సబబు. నేను ఈ దారిన ఏడుసార్లు నడిచాను. పడుచువాళ్లు పిల్లల నడకతో నడిస్తే తొందరగా అలిసిపోతారు. పది అడుగులు వేసి ఆగడం, మళ్లీ పది అడుగులు వేసి ఆగడం, దీంతో పిక్కలు పట్టేస్తాయి. పైగా పెచ్చెరువుకు చీకటి పడ్డాక చేరితే చదునైన చోటు దొరకదు. ఇసకేస్తే రాలనంత జనం. ఇద్దరు ముందే పోయి పట్టా పరిచి పెడితే మీ అత్త రాగానే నడుం వాలుస్తుంది.

ఇంకో మాట, దీన్ని చాలామంది మర్చిపోతారు. శివరాత్రి అంటే బహుళ చతుర్దశి. ముందు రెండు మూడు రాత్రులూ వెన్నెల ఉండదు, చంద్రుడు తెల్లారబోయే ముందు గానీ రాడు. సెల్లు లైటును నమ్ముకుంటే పెచ్చెరువు చేరేలోపే సెల్లు చచ్చిపోతుంది. మనిషికొకటి కాకపోయినా ఇద్దరికొక టార్చిలైటు ఉండాల్సిందే.

మద్దికెర మనవరాలు:

అన్నా, మీరు ఏడుసార్లు నడిచినా, చిన్నపిల్లలున్న ఇరవై మందిని వెంటబెట్టుకుని నడిచారో లేదో నాకు తెలియదు. మేము నడిచాం. 23 మందిమి, నాలుగేళ్ల కిందట. సరిగ్గా మీరు చెప్పినట్టే దామర్లకుంట దగ్గర రెండు జట్లుగా విడిపోయాం. మా చిన్నాయన, నలుగురు మగపిల్లలు, ఇద్దరు బావలు ముందు పోయారు. అవ్వ, అమ్మ, నేను, మా అక్క, పిల్లలం వెనక.

మా అక్క కొడుకుకు అప్పుడు తొమ్మిదేళ్లు. వాడు వాళ్ల మామలతో పోతానని ఏడ్చాడు. సరే పొమ్మన్నాం. కాసేపు వాళ్లతో నడిచి అమ్మ దగ్గరికి పోతానన్నాడంట. వెనక వస్తున్నారు కదా, నిలబడు అని చెప్పి వాళ్లు ముందుకు పోయారు. మేము వాడు ముందున్నాడనుకున్నాం, వాళ్లు వెనకున్నాడనుకున్నారు.

మేము పెచ్చెరువు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మా అక్క చెంబుతో నీళ్లు తాగుతూ "వాడేడీ, పండుకున్నాడా?" అని అడిగింది. మా చిన్నాయన "మీతోనే కదా వస్తానన్నాడు" అన్నాడు. చెంబు కింద పెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. అడవిలో సెల్లు పలకదు. ఎవరికి చెప్పాలి, ఎటు వెతకాలి? మగవాళ్లు ఐదుగురు టార్చిలైట్లతో వచ్చిన దారినే వెనక్కి పోయారు.

రెండు గంటల తర్వాత దొరికాడు. ఒక మజ్జిగ పందిరి పక్కన, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఒడిలో తల పెట్టుకుని పండుకుని ఉన్నాడు. ఆమె తన దుప్పటి కప్పింది. ఒక బూటు కాలికుంది, ఒకటి చేతిలో ఉంది. బూటులో గులకరాయి పడిందని తీయడానికి దారి పక్కన కూర్చున్నాడంట, అంతే. ఆ కాసేపట్లో మేము వాణ్ని దాటేసి వచ్చాం. ఆ జనంలో మా పిల్లాడి పక్క నుంచే నడిచి వచ్చాం, చూడలేదు.

అందుకే చెబుతున్నా చెల్లీ, మీ మామ మాట వినండి. గుంపును చీల్చొద్దు. అందరూ ఒక్క నడకన నడవలేరనుకుంటే, నడిచే మనుషుల్నే తగ్గించుకోండి. ఎవరు నడుస్తారో, ఎవరు బస్సులో వస్తారో ఇంట్లో తేల్చుకుని బయలుదేరండి. అడవిలోకి దిగాక మాత్రం ఒకే గుంపు.

గుంతకల్లు టీచరమ్మ:

పిల్లాడు దొరికాడు కాబట్టి సరిపోయింది. నేను ఇంకో అడుగు ముందుకేసి అడుగుతాను, ఆరేళ్ల పిల్లతో ఆ అడవిలో నడక ఎందుకు? అది నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం, దేశంలో పులుల కోసం కేటాయించిన అడవుల్లో అతి పెద్దది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడిలో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ పాప కూడా ఇంటివాళ్లతోనే నడుస్తూ కాస్త ముందుకు పోయింది. ఆ తర్వాతే 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక నడకదారిలోకి వదలడం ఆపారు, పెద్దవాళ్లకు చేతికర్రలు ఇచ్చారు. అలిపిరిలో మెట్లున్నాయి, లైట్లున్నాయి, దారి పొడవునా సిబ్బంది ఉన్నారు. నల్లమలలో ఏముంది?

మొక్కు పెద్దవాళ్లది. పిల్ల మొక్కుకోలేదు కదా.

ఆళ్లగడ్డ పెద్దాయన:

అమ్మా, మీ భయం నాకు అర్థమయింది. కానీ పిల్లల్నీ ముసలివాళ్లనీ ఇంట్లో వదిలి పొమ్మనే మాట నాకు నచ్చదు. ఆ కాలంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది పడుచువాళ్ల కోసమా? వాళ్లు మెట్లు లేకపోయినా ఎక్కుతారు. మా అవ్వ నన్ను ఐదేళ్లప్పుడు చంకనేసుకుని ఈ దారిన నడిచింది. భీముని కొలను దగ్గర నన్ను దింపి, ఇక్కడి నుంచి నువ్వే ఎక్కాల అంది. ఎక్కాను. నాకిప్పుడు 68. ఆ ఎక్కుడు ఇంకా గుర్తుంది. ఉగాదికి కన్నడం వాళ్లను చూడండి, భ్రమరాంబను తమ ఆడపడుచుగా తలచి, సారె పట్టుకుని ఎన్నెన్ని రోజులో నడిచి వస్తారు. ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరూ ఉంటారు.

పులి సంగతంటారా, ఆ నాలుగు రోజులూ ఆ దారి జనంతో నిండి ఉంటుంది. దారి వదిలి అడవిలోకి పోవద్దు, అంతే. దొడ్డికి పోయినా ఇద్దరు తోడు పోవాల.

గుంతకల్లు టీచరమ్మ:

పెద్దాయనా, మీ అవ్వ రోజూ పొలానికి నాలుగు మైళ్లు నడిచిన మనిషి. మా ఇళ్లల్లో పిల్లలు బడికి ఆటోలో పోతారు, పెద్దవాళ్లు మేడ మీదికి లిఫ్టులో పోతారు. కాళ్లు ఒకటి కాదు కదా.

మద్దికెర మనవరాలు:

టీచరమ్మ చెప్పిన ఈ మాటే అసలు మాట. కానీ దానికి జవాబు పిల్లల్ని మానిపించడం కాదని నా అభిప్రాయం. రెండు నెలల ముందు నుంచి కాళ్లను తయారు చేసుకోవాలి. మేము మరుసటి ఏడు మళ్లీ పోయాం, ఈసారి 14 మందిమి. ఆ పిల్లాడు కూడా వచ్చాడు. ఎలా తయారయ్యామో రాస్తాను.

సంక్రాంతి పోయిన మర్నాటి నుంచి ఆదివారం ఆదివారం నడిచాం. మొదటి వారం ఐదు కిలోమీటర్లు, తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పన్నెండు. బయలుదేరే రెండు వారాల ముందు అందరం అహోబిలం పోయి పైన జ్వాలా నరసింహస్వామి గుడి దాకా ఎక్కి దిగాం. అది నల్లమలే, రాళ్లూ అవే, ఎక్కుడూ అలాంటిదే. చదును నేల మీద నడిచి నేను నడవగలను అనుకోవద్దు. మా అమ్మ ఊళ్లో పన్నెండు కిలోమీటర్లు నడిచింది, అహోబిలంలో దిగేటప్పుడు ఆమె మోకాళ్లు వణికాయి. ఆ సాయంత్రమే ఆమే చెప్పింది, "నేను బస్సులో వస్తానమ్మా, హాటకేశ్వరం కాడ కలుస్తా" అని. ఎవరూ ఆమెను వద్దనలేదు. ఆమె మోకాళ్లే చెప్పాయి. చెల్లీ, మీ అత్తనూ ఆడపడుచునూ కూడా అలా ఒకసారి ఎక్కించి చూడండి. హాటకేశ్వరం రోడ్డు మీదే ఉంది కాబట్టి అక్కడ కలిసి గుడి దాకా నడవచ్చు. మొక్కు చెల్లుతుంది.

కొత్త బూట్లు కొనొద్దు. కొంటే ఇప్పుడే కొని రోజూ తొడగండి. కాలిగోళ్లు బయలుదేరే ముందు రోజు కత్తిరించుకోండి. భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుకు కొట్టుకుంటాయి, గోరు పెద్దగా ఉంటే నల్లబడి ఊడుతుంది. మా బావకు రెండు ఊడాయి. మేజోళ్లు రెండు జతలు, మధ్యాహ్నం ఆగినప్పుడు మార్చుకోవాలి. ఎక్కడైనా మంట అనిపించిందంటే వెంటనే ఆగి గుడ్డ ప్లాస్టరు వేయాలి, బొబ్బ లేచాక వేసి లాభం లేదు.

మీ బావగారి గురించి ప్రత్యేకంగా చెబుతున్నా. షుగరున్నవాళ్లు దీక్షలో ఉన్నా సరే ఒట్టికాళ్లతో నడవొద్దు. చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గిపోయి ఉంటుంది, ముల్లు దిగినా తెలియదు. అంతంత నడిస్తే షుగరు పడిపోతుంది కూడా. మాత్రలు ఎంత వేసుకోవాలో డాక్టరును అడిగి రావాలి, జేబులో బెల్లంముక్క ఉండాలి.

తిండికి బరువు మోయొద్దు. దారిలో అన్నదానం పందిళ్లుంటాయి, కానీ పిల్లల ఆకలి పందిరి వచ్చేదాకా ఆగదు. మేము ఎండురొట్టెలు, బుడ్డల (వేరుశనగ) పొడి, బొరుగులు, బెల్లం వేసిన బుడ్డల ఉండలు పట్టుకుపోయాం. పులిహోర మొదటి పూటకే. లీటరు నీళ్లకు ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, మట్టంగా కొలిచి కలిపి పిల్లలకు గుక్కగుక్కగా తాపాం. నీళ్లు స్టీలు సీసాల్లో తీసుకుపోండి. ప్లాస్టిక్ కవర్లు అడవిలో పారేయొద్దు, వంటకని పొయ్యి కూడా వెలిగించొద్దు. ఆ నెలల్లో ఆకంతా ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పెచ్చెరువులో చెంచు గూడెం ఉంది, అది వాళ్ల ఇల్లు. మీ మరిది ముందు పోయి వంట మొదలుపెడతానన్నాడు కదా, ఆ పని లేకుంటే ముందు పోవాల్సిన పనే లేదు.

నడిచేటప్పుడు అందరికంటే ముందు మా అక్క నడిచింది, ఆమెది మెల్లని నడక. ఎవరూ ఆమెను దాటకూడదు. అందరికంటే వెనక మా చిన్నాయన, ఈల మెడలో. ఆయనను ఎవరూ వెనక వేయకూడదు. ప్రతి పిల్లకూ ఒక పెద్ద మనిషి, పేరు పెట్టి అప్పగించాం. తల్లి అడిగినా సరే, "నీకు అప్పగిస్తున్నా" అని నోటితో చెప్పి, "సరే, నా దగ్గరుంది" అని నోటితో వినేదాకా చెయ్యి వదలకూడదు. ఆగిన ప్రతిచోటా లెక్కపెట్టాం. పిల్లల ముంజేతి మీద బాల్ పెన్నుతో శ్రీశైలంలో ఉన్న మా అమ్మ నంబరు రాశాం, అడవిలో ఉన్నవాళ్ల నంబరు రాస్తే పలకదు కదా.

ఆత్మకూరు వాసి:

చెల్లెమ్మా, నిజమే, నేనెప్పుడూ స్నేహితులతోనే నడిచాను. పిల్లల లెక్క నాకు తట్టలేదు. అయినా ఒక్క విషయంలో నా మాట మీదే ఉంటాను. చోటు పట్టడానికి ఇద్దరు పడుచువాళ్లు ముందు పోతే తప్పులేదు, వాళ్ల వెంట పిల్లల్ని పంపకపోతే చాలు. పిల్లలు రాళ్ల మీద పడుకుంటే రెండోరోజు లోయ ఎక్కలేరు.

మద్దికెర మనవరాలు:

ఇద్దరే అయితే, ఇద్దరూ పెళ్లికాని పెద్దపిల్లలే అయితే, ఒప్పుకుంటా. వాళ్లు ముందు పోతున్నారని అందరి ముందూ చెప్పి పోవాల.

గుంతకల్లు టీచరమ్మ:

నా మనసు మారలేదు. ఆరేళ్ల పాపను మాత్రం బస్సులో తీసుకురండి. పదేళ్లలోపు పిల్లల్ని అహోబిలంలో చూసి తేల్చుకోండి. రాత్రిపూట ఎవరినీ నడిపించొద్దు.

నందికొట్కూరు కోడలు:

అందరికీ దండాలు. నిన్న రాత్రి ఇదంతా మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. బూటులో గులకరాయి పడిన చోట మా మరిది ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి పోయి తన కొడుకు బూట్లు విప్పి చూశాడు, ఒకదానికి అట్ట ఊడి ఉంది.

వచ్చే ఆదివారం నుంచి నడక మొదలు. మూడో వారం అహోబిలం. పాపను బస్సులో మా తోడికోడలితో పంపుతున్నాం, టీచరమ్మ మాటకు మా మామ కూడా ఒప్పుకున్నాడు. మా అత్త మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అహోబిలం ఎక్కి దిగాక చెబుతుందంట. ముందు ఎవరు నడవాలనే దానికి ఇంట్లో ఇంకా తేలలేదు. ఆమె వస్తే మాత్రం ఆమెనే ముందు పెట్టాలని నా ఆలోచన.