పదిసార్లు మేయర్ ఆల్ఫీ బర్న్: పనిమంతుడా, పలకరింపుల మనిషా?

వేణు:
ఆల్ఫీ బర్న్ (1882–1956) 1930 నుంచి 1939 దాకా వరుసగా తొమ్మిదిసార్లు, 1954లో మరోసారి ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు లార్డ్ మేయర్. మైనం పట్టించిన మీసం, గుండ్రటి టోపీ, సైకిలు. ఎదురైన ప్రతివారికీ చెయ్యి అందించేవాడు, పిల్లలకు లాలీపాప్‌లు పంచేవాడు. ఆ లాలీపాప్ చప్పరిస్తూ పిల్లవాడు తిరిగి వెళ్లింది ఎక్కడికి? ఇంటిల్లిపాదీ ఒకే గదిలో మగ్గే పాత మేడలకు. నా లెక్కలో ఆయన పలకరింపుల మనిషే.

కల్యాణి:
వేణు గారూ, 1930 చట్టం రోజువారీ అధికారాన్ని సిటీ మేనేజర్‌కు అప్పగించింది. మేయర్ ఉత్సవ విగ్రహం. ఊరేగింపు ఆయనది, గుడి తాళాలు మేనేజర్‌వి. ఇళ్లు కట్టలేదని విగ్రహాన్ని నిలదీస్తారా?

వేణు:
తాళాలన్నీ పోలేదండీ. పన్ను రేటు, అప్పు తేవడం పాలకమండలి చేతిలోనే ఉన్నాయి. పైగా ఆయన డాయిల్ (ఐర్లండ్ పార్లమెంటు దిగువ సభ) సభ్యుడు కూడా. డబ్లిన్‌లో క్రమ్లిన్, కాబ్రా ఇళ్ల కాలనీలు ఊపందుకున్నది డి వలేరా నడిపిన ఫియన్నా ఫాయిల్ పార్టీ ప్రభుత్వం తెచ్చిన 1932 గృహనిర్మాణ చట్టంతో. అందులో ఈయన ఘనత ఎంత?

రమణ (డబ్లిన్ నుంచి):
ఒక సంగతి మరిచిపోతున్నారు. లార్డ్ మేయర్‌ను ఏటా ఎన్నుకునేది కౌన్సిలర్లు. పార్టీ లేని మనిషి కాబట్టే, ఫియన్నా ఫాయిల్‌కు కుర్చీ దక్కకూడదనుకున్నవారికి అక్కరకొచ్చాడు. 1939లో ఆ పార్టీ మనిషి, బ్రిటిష్ పాలనపై తిరుగుబాటు చేసి 1916లో మరణశిక్షకు గురైన టామ్ క్లార్క్ భార్య కాథ్లీన్ గెలిచారు. ఆ పదవిలో తొలి మహిళ ఆమే. ఇక్కడ ఇప్పటికీ పద్ధతి మారలేదు. ఐర్లండ్‌లో ప్రజలు నేరుగా మేయర్‌ను ఎన్నుకున్నది లిమరిక్‌లోనే, అదీ 2024లో.

సుజాత:
బర్న్ కొడుకుల్లో ముగ్గురు డాయిల్‌కు వెళ్లారు. 1956లో తండ్రి పోగానే ఆ స్థానం పాట్రిక్‌కు దక్కింది. సేవ అనండి, ఇంకేమైనా అనండి, నాకు మాత్రం తెలిసిన కథలాగే ఉంది.

కల్యాణి:
ఉప ఎన్నికలో జనం ఓటేస్తేనే కదా సుజాతా! 1915లో బర్న్‌ను వెస్ట్‌మినిస్టర్‌కు, అంటే బ్రిటిష్ పార్లమెంటుకు పంపింది కూడా ఆ జనమే. గుట్టలుగా వచ్చే ఉత్తరాలకు కూర్చుని జవాబు రాసేవాడు. ఆఫీసు మెట్లెక్కడానికి జంకే పేదవాడికి అది చిన్న సంగతి కాదు.

వేణు:
ఒప్పుకుంటాను. కానీ మెట్లెక్కడానికి జంకు లేని ఆఫీసు ఉండి ఉంటే, ఆ ఉత్తరాలన్నీ ఆయనకెందుకు వస్తాయి?