స్టోన్స్ కొత్త ఆల్బమ్ 'హ్యాక్నీ డైమండ్స్': మొదటిసారి విన్నాక మీకేమనిపించింది?

మూడులాంతర్లు (విజయనగరం)
2023 అక్టోబర్ 20, రాత్రి 1:15

పన్నెండు ఎప్పుడవుతుందా అని చూసి చూసి, ఇప్పుడే 12 పాటలూ వరసగా విన్నాను. మొత్తం 48 నిమిషాలు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ సొంత పాటలతో ఆల్బమ్ ఇచ్చి 18 ఏళ్లయింది. 2005లో 'ఎ బిగ్గర్ బ్యాంగ్' వచ్చినప్పుడు నేను ఇంటర్. 2016లో వచ్చింది పాత బ్లూస్ పాటల ఆల్బమ్ కాబట్టి దాన్ని నేను లెక్కలో వెయ్యను.

ఇన్నాళ్లూ నాకున్న భయం ఒక్కటే. 2021 ఆగస్టులో వీళ్ల డ్రమ్మర్ ఛార్లీ వాట్స్ పోయాక వీళ్లు ఏం చేసినా అది స్టోన్స్‌లా ఉంటుందా అని. ఇప్పుడు విన్నాక చెబుతున్నాను, ఉంది. అన్ని పాటల్లోనూ లేదు గానీ ఉంది. రివ్యూలు చదవకముందే మీ చెవికి మొదట ఏది తగిలిందో రాయండి. పొద్దున్నే లేచి చదువుతాను.

పలాస పిక్కలు
అక్టోబర్ 20, ఉదయం 6:50

నైట్ డ్యూటీలో ఒక చెవికి మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను అన్నా, కాబట్టి నాది సగం అభిప్రాయమే అనుకోండి. నాలుగో పాట 'బైట్ మై హెడ్ ఆఫ్' దగ్గర పని ఆపేసి నిలబడిపోయాను. బేస్ గిటార్ వాయించింది బీటిల్స్ పాల్ మెకార్ట్నీ అని ముందే తెలుసు. పాట మధ్యలో గీరుకుపోయినట్టు ఒక సోలో వస్తుంది చూడండి, అది గిటార్ అనుకున్నాను. కాదు, ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టిన బేస్. వాయించినాయనకి 81, పాడినాయనకి 80. స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ గొంతు ఆ పాటలో ముప్పై దాటనివాడి గొంతులా ఉంది. నాలుగుసార్లు విన్నాను.

ఆమదాలవలస లోకల్
అక్టోబర్ 20, ఉదయం 9:30

అందరూ బాగుందంటారు కాబట్టి నేను బాగాలేనిది చెబుతాను. మిక్సింగ్. ఆండ్రూ వాట్ మంచి ప్రొడ్యూసరే, వాళ్లని స్టూడియోలో కూర్చోబెట్టి పని పూర్తి చేయించాడు, అందుకు దండం పెడతాను. కానీ అన్నీ ముందుకొచ్చి నిలబడ్డాయి. గొంతు, గిటార్లు, డ్రమ్స్ అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. వీళ్లదే 1972 నాటి ఆల్బమ్ 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' వినండి. ఫ్రాన్స్‌లో ఒక బంగళా కింద నేలమాళిగలో రికార్డు చేసిన పాటలు ఉన్నాయి అందులో. మిక్ గొంతు వాయిద్యాల మధ్య సగం కూరుకుపోయి ఉంటుంది. మనమే చెవి ఒగ్గి వెతుక్కోవాలి. పాతికేళ్లుగా వింటున్నా ఇంకా కొత్త సంగతులు దొరుకుతూనే ఉన్నాయి. ఈ ఆల్బమ్‌లో వెతుక్కోవడానికి ఏం మిగిల్చారు?

మొదటి పాట 'యాంగ్రీ' నాకు సెప్టెంబర్‌లో సింగిల్‌గా వచ్చినప్పుడే పెద్దగా ఎక్కలేదు. ఇప్పుడూ అంతే.

కోట గుమ్మం
అక్టోబర్ 20, మధ్యాహ్నం 2:10

ఆమదాలవలస గారూ, మీరన్న మాట సగం పాటలకి నిజమే. కానీ 11వ పాట 'స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్' హెడ్‌ఫోన్స్‌లో మరోసారి వినండి. ఏడు నిమిషాలు దాటిన పాట. కీబోర్డుల మీద స్టీవీ వండర్, మిక్‌తో పాటు లేడీ గాగా. పాట అయిపోతుంది, వాయిద్యాలు సద్దుమణుగుతాయి. అంతలో గాగా సన్నగా మళ్లీ అందుకుంటుంది, స్టీవీ వేళ్లు కదులుతాయి, ఒక్కొక్కరూ వచ్చి చేరతారు, రెండోసారి మొదటిసారి కంటే ఎత్తుకు వెళ్తుంది.

నేను మ్యూజిక్ కాలేజీలో గాత్రం నేర్చుకున్నదాన్ని. ఇది నాకు కొత్త కాదు. మా వీధి రామకోవెలలో శనివారం భజనలో మంగళం పాడేశాక కూడా ఎవరో ఒక ముసలాయన కళ్లు మూసుకుని పల్లవి మళ్లీ ఎత్తుకుంటాడు. ఇంటికి బయల్దేరినవాళ్లు చెప్పులు విడిచి వెనక్కి వచ్చి కూర్చుంటారు. ఈ పాటలో నాకు అదే వినిపించింది. ఈవేళ మూలా నక్షత్రం, ఇంట్లో సరస్వతీ పూజ చేసుకున్న రోజే ఇది వినడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇచ్ఛాపురం టు హైదరాబాద్
అక్టోబర్ 20, సాయంత్రం 5:45

'డ్రీమీ స్కైస్'. ఇంకేం రాయను. మెట్రోలో నిలబడి విన్నాను, మా ఊరి కొబ్బరితోటలు గుర్తొచ్చాయి.

అన్నట్టు, పేరుకి అర్థం అడుగుతున్నవాళ్లకి: హ్యాక్నీ లండన్‌లో ఒక పేట. దొంగలు కారు అద్దం పగలగొడితే రోడ్డు మీద పడిన గాజు ముక్కల్ని అక్కడ 'హ్యాక్నీ డైమండ్స్' అంటారట. ఆల్బమ్ ప్రకటించిన రోజు మిక్కే చెప్పాడు.

రెండు కర్రలు (శ్రీకాకుళం)
అక్టోబర్ 20, రాత్రి 10:20

పిల్లలకి డ్రమ్స్ నేర్పుతుంటాను, అందుకని పొద్దుటి నుంచి 7, 8 పాటలే తిప్పి తిప్పి విన్నాను. 'మెస్ ఇట్ అప్', 'లివ్ బై ద స్వోర్డ్'. ఛార్లీ పోకముందు వాయించి పెట్టినవి ఈ రెండే. డ్రమ్స్ ఉన్న మిగతా పాటలన్నీ ఇప్పటి డ్రమ్మర్ స్టీవ్ జోర్డన్‌వి.

ఛార్లీ గురించి ఒక సంగతి, తెలియనివాళ్ల కోసం. నాలుగు దెబ్బల నడకలో రెండోది, నాలుగోది స్నేర్ (టపీమని పలికే చిన్న డ్రమ్) మీద పడతాయి కదా. మామూలుగా మనందరి కుడిచెయ్యీ ఆ సమయంలో హై-హ్యాట్ (పక్కనుండే జంట తాళాలు) మీద కూడా పడుతుంది. ఛార్లీ మాత్రం సరిగ్గా ఆ దెబ్బకి కుడిచేతిని పైకి లేపేస్తాడు. స్నేర్ దెబ్బకి పక్కన ఏ చప్పుడూ తోడుండదు. వినడానికి పాట ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. మా పిల్లలకి ఇది నేర్పాలంటే నెలలు పడుతుంది. చెయ్యి లేపడం వస్తుంది, ఆ తీరుబడి రాదు. జాజ్ ప్రాణంగా పెరిగిన మనిషికి వచ్చిన తీరుబడి అది.

'మెస్ ఇట్ అప్'లో వీళ్ల 1978 నాటి పాట 'మిస్ యూ' తరహా డిస్కో నడక ఉంది. పాట గొప్పది కాకపోవచ్చు. డ్రమ్స్ మాత్రమే పట్టుకుని వినండి, అది చాలు.

'లివ్ బై ద స్వోర్డ్'లో బేస్ బిల్ వైమన్‌ది. బ్యాండ్‌లో మొదట్నుంచీ బేస్ వాయించి, 1993లో బయటికి వెళ్లిపోయినాయన. ఛార్లీ డ్రమ్స్ కింద వైమన్ బేస్ మళ్లీ వినబడుతుందని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు. పియానో ఎల్టన్ జాన్. రోడ్డు పక్కన బండి ఆపుకుని విన్నాను, కళ్లు తడిశాయి.

మూడులాంతర్లు
అక్టోబర్ 21, ఉదయం 11:00

మాష్టారూ, మీ పోస్టు చదివాక నిన్న రాత్రి ఇంట్లో జరిగింది రాయాలనిపించింది.

నాన్నకి 71. స్టోన్స్ నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక స్నేహితుడి టేప్‌రికార్డర్ మీద విన్నారట. ఇప్పుడు పాటలు తక్కువ, వార్తలు ఎక్కువ. డాబా మీద స్పీకర్ పెట్టి, ఏ పాట ఎవరు వాయించారో చెప్పకుండా మొదలుపెట్టాను. ఛార్లీ ఎక్కడున్నాడో మీరే పట్టుకోండి అన్నాను. మూడో పాట 'డిపెండింగ్ ఆన్ యూ' దగ్గర చెయ్యెత్తి, "ఇదిగో, వీడే" అన్నారు. అది స్టీవ్ జోర్డన్. ఏడో పాటకి ఏమీ అనలేదు. ఎనిమిదోది కూడా అలాగే వెళ్లిపోయింది.

అంతా అయ్యాక నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. యాభై ఏళ్లు విన్న చేతిని పోల్చుకోలేకపోయానని బాధపడ్డారు. పెట్టకుండా ఉండాల్సింది ఆ పరీక్ష. నాకు ఇప్పటికీ మనసు బాగాలేదు.

రెండు కర్రలు
అక్టోబర్ 21, మధ్యాహ్నం 12:35

తమ్ముడూ, నాన్నగారికి ఈ మాట చదివి వినిపించు. పొరపాటు పడటంలో తప్పేమీ లేదు. 2021లో ఆరోగ్యం బాగాలేక టూర్‌కి వెళ్లలేనప్పుడు తన చోట వాయించమని స్టీవ్ జోర్డన్‌ని అడిగింది ఛార్లీయే. జోర్డన్ 1988 నుంచి స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ సొంత బ్యాండ్‌లో ఉన్నాడు. కీత్ గిటార్ ఎక్కడ ముందుకు ఉరుకుతుందో, ఎక్కడ ఆగుతుందో 35 ఏళ్లుగా తెలిసిన చెయ్యి. అతని దెబ్బ ఛార్లీ దెబ్బ కంటే బరువు, నేలకి దగ్గర. 'డిపెండింగ్ ఆన్ యూ' నిదానంగా నడిచే పాట కాబట్టి ఆ తేడా అంతగా తెలియదు. ఛార్లీ కోసం చెవులు వెతుకుతున్నాయి, అతను ఏరి ఇచ్చిన మనిషి దొరికాడు. నాన్నగారు మరీ దూరం పోలేదు.

ఆయన్ని 8వ పాట మళ్లీ వినమను. ఈసారి పరీక్ష పెట్టకు.

ఆమదాలవలస లోకల్
అక్టోబర్ 21, సాయంత్రం 4:00

కోట గుమ్మం గారూ, హెడ్‌ఫోన్స్ అరువు తెచ్చుకుని విన్నాను. 11వ పాట విషయంలో మీదే నిజం. ఆ రెండో ఎత్తుగడ దగ్గర ఒళ్లు జలదరించింది. మిక్సింగ్ మీద నా మాట మిగతా ఆల్బమ్‌కి అలాగే ఉంచుతున్నాను.

బొబ్బిలి సరస్వతి
అక్టోబర్ 21, రాత్రి 9:15

నాకు వీణ వచ్చు, గిటార్ ఈమధ్యే మా అబ్బాయి దగ్గర నేర్చుకుంటున్నాను. నా చెవికి తగిలింది 'డ్రైవింగ్ మీ టూ హార్డ్' మొదలు. స్టోన్స్ పాత పాట 'టంబ్లింగ్ డైస్'కి చెల్లెలిలా ఉంది.

కీత్ శ్రుతి చేసుకునే పద్ధతి గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. గిటార్‌కి లావుగా ఉండే ఆరో తీగ తీసేస్తాడు. మిగిలిన ఐదింటినీ జి-డి-జి-బి-డి అని పెడతాడు. జి ని షడ్జమం అనుకుని పాడి చూడండి: స-ప-స-గ-ప. వేలు ఎక్కడా నొక్కకుండా ఊరికే మీటినా శ్రుతి నిండుగా పలుకుతుంది. వీణలోనూ అంతే కదా. మెట్ల మీది తీగలు నాలుగూ షడ్జమ పంచమాలే, పక్కనున్న తాళపు తీగలు స-ప-స. మా బొబ్బిలిలో ఒకే పనస దుంగని తొలిచి చేసే వీణ మీద రోజూ వినే నిండుదనం ఇతని గిటార్‌లో ఎందుకు వినబడుతుందా అని చాలాకాలం అనుకునేదాన్ని. గాంధారం తీగ ఒక్కటే అదనం.

చేతివేళ్లకి కీళ్ల జబ్బు వచ్చిందనీ, దాంతో తన వాయింపు మారిందనీ కీత్ ఈమధ్యే చెప్పాడు. అది తెలిసి 'టెల్ మీ స్ట్రెయిట్' వింటే, అది అతను పాడిన పాట కాబట్టి, ఇంకా దగ్గరగా అనిపించింది. నాకూ ఎడమచేతి చూపుడువేలు పొద్దున్నపూట వంగదు. వాయించే తీరు మార్చుకుని వాయించడం అంటే ఏమిటో నాకు తెలుసు.

బెంగుళూరు2003
అక్టోబర్ 22, ఉదయం 7:40

ఈ పేరు నేనెందుకు పెట్టుకున్నానో చాలామంది అడిగారు, ఇప్పుడు చెబుతాను. 2003 ఏప్రిల్ 4న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో స్టోన్స్‌ని చూశాను. విజయనగరం నుంచి ఇద్దరం రైలెక్కి వెళ్లాం. వాన పడి నేలంతా బురద. అంత పెద్ద స్టేజీ మీద ఛార్లీ డ్రమ్స్ చూస్తే పెళ్లి బ్యాండు వాళ్లకి కూడా అంతకంటే ఎక్కువుంటాయనిపించింది. నాలుగే నాలుగు డ్రమ్ములు, కొన్ని తాళాలు. మనిషి ముఖంలో ఏ ఆర్భాటమూ లేదు. నాతో వచ్చిన స్నేహితుడు ఇప్పుడు లేడు. అందుకని నేను 7, 8 ఇంకా వినలేదు. వాటిని దాటేసి మిగతావి విన్నాను.

చివరిది, 12వ పాట గురించి రాస్తాను. 'రోలింగ్ స్టోన్ బ్లూస్'. అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1950 నాటి పాట. బ్యాండ్‌కి పేరొచ్చింది దాన్నుంచే. ఇందులో ఇద్దరే ఉన్నారు. మిక్ గొంతు, అతని మౌత్ ఆర్గాన్, కీత్ గిటార్. డ్రమ్స్ లేవు. ఒక గదిలో ఎదురెదురుగా కూర్చున్నట్టు ఉంది. ఆమదాలవలస గారూ, మీరడిగిన పాత రికార్డింగ్ వాసన ఈ పాటలో ఉంది.

1961 అక్టోబర్ 17న డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో మిక్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు చూసి కీత్ పలకరించాడు. చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన ఇద్దరూ ఆ రికార్డుల వల్ల మళ్లీ కలిశారు. ఆల్బమ్ వచ్చింది అక్టోబర్ 20న. 62 ఏళ్ల 3 రోజులకి, ఆ చంకలో ఉన్న మనిషి పాటే ఇద్దరూ కూర్చుని వాయించారు. బ్యాండ్ మొదలైనప్పటి నుంచీ ఈ పాటని ఒక ఆల్బమ్‌కి రికార్డు చెయ్యకుండా ఎలా ఉన్నారో నాకు తెలియదు. ఇప్పుడు చేశారు, దానికి నేను వాళ్లకి రుణపడి ఉంటాను.

పలాస పిక్కలు
అక్టోబర్ 22, ఉదయం 8:05

బాబాయ్, 7, 8 ఒక్కరే వినకండి. 31న పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను చూడ్డానికి నేను విజయనగరం వస్తున్నాను. మూడులాంతర్లు అన్న డాబా ఉంది కదా. కలిసి విందాం.

మూడులాంతర్లు
అక్టోబర్ 22, ఉదయం 9:20

తప్పకుండా రండి. పొద్దున్నే వచ్చేయండి, మధ్యాహ్నం దాటితే కోట వైపు జనంలో అడుగు పెట్టలేం. నాన్న కూడా ఉంటారు. నిన్న రాత్రి ఎనిమిదో పాట ఆయనే అడిగి పెట్టించుకున్నారు. రెండు కర్రలు మాష్టారు రాసింది చదివి వినిపిస్తే, ఆ చెయ్యి లేపడం ఎలాగో చూపించమన్నారు. నాకు రాదు. మాష్టారూ, మీరు కూడా రావాలి, కర్రలు మర్చిపోకండి.

బొబ్బిలి సరస్వతి
అక్టోబర్ 22, ఉదయం 10:45

నేనూ మా అబ్బాయీ వస్తాం, గిటార్ తెస్తాం. ఆరో తీగ ఇప్పుడే తీసేశాను.