యుద్ధకాలపు తోలు ఒరలో పాత జపాను ఖడ్గం: ఎవరు చేశారో, ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఒహాయోలో ఉంటున్నాను. పోయిన నెలలో ఇక్కడ ఒక పెద్దాయన ఇంటి సామాను అమ్ముతుంటే జపాను ఖడ్గం ఒకటి కొన్నాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన దాన్ని పసిఫిక్ ప్రాంతం నుంచి తెచ్చుకున్నారని వారి అమ్మాయి చెప్పారు. చెక్క ఒర మీద గోధుమరంగు తోలు తొడుగు ఉంది. వంపు వెంబడి టేపు పెట్టి కొలిస్తే సుమారు 64 సెంటీమీటర్లు వచ్చింది. అక్కడక్కడ తుప్పు మచ్చలున్నాయి. తుప్పు వదలగొట్టే ద్రావణం కొన్నాను గానీ ఇంకా వాడలేదు. దీని సంగతి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం:

ముందుగా ఆ ద్రావణాన్ని పక్కన పెట్టేయండి. గరుకు కాగితం, లోహాలకు మెరుగుపెట్టే పేస్టు కూడా వద్దు. ఈ ఖడ్గాలకు వయసు చెప్పేది తుప్పే. పిడి లోపల దాగి ఉండే ఇనుప కాడను జపానువారు నకగొ అంటారు. కమ్మరి దాన్ని కావాలనే మెరుగు పెట్టకుండా వదిలేస్తాడు. వందల ఏళ్లుగా దాని మీద పేరుకున్న తుప్పు రంగును చూసే నిపుణులు కాలాన్ని అంచనా వేస్తారు. పాత కాడ నల్లబారిన చింతగింజ రంగులో, నున్నగా ఉంటుంది. ఎర్రగా, పొడిగా రాలే తుప్పు ఈమధ్యది. ఒక్కసారి ఆ కాడను రుద్ది తెల్లగా చేస్తే సాక్ష్యమూ పోతుంది, విలువా పోతుంది. ఎంత గొప్ప పనివాడైనా దాన్ని తిరిగి తేలేడు.

ఒరలోంచి తీసేటప్పుడు వాదర (పదునైన అంచు) పైకి ఉంచి, వెన్ను మీదుగా జారేలా నెమ్మదిగా లాగండి. అలుగు (పిడి బయటి ఉక్కు భాగం) మీద వేలు పెట్టవద్దు, చేతి చెమట రోజుల్లోనే మచ్చ వేస్తుంది. మెత్తని గుడ్డతో వెన్ను వైపు నుంచి తుడిచి, కుట్టుమిషనుకు వేసే పలుచని నూనె ఒక పొరగా రాస్తే ప్రస్తుతానికి చాలు. మన ఇళ్లలో అలవాటు కదా అని కొబ్బరినూనె మాత్రం రాయకండి. అది జిడ్డుగట్టి హాని చేస్తుంది.

పొడవును వంపు వెంబడి కాకుండా, మొన నుంచి వెన్ను మీద కాడ మొదలయ్యే చోట ఉండే చిన్న మెట్టు వరకు తిన్నగా కొలవాలి. 60.6 సెంటీమీటర్లు దాటితే కతన, 30.3 నుంచి 60.6 వరకు వాకిజాషి, అంతకంటే తక్కువైతే తాంతొ.

తరువాత పిడి విప్పాలి. పిడికి అడ్డంగా ఒక వెదురు చీల కనిపిస్తుంది. అది ఒక చివర సన్నగా ఉంటుంది కాబట్టి ఆ సన్నని వైపు నుంచి చెక్కపుల్లతో నెట్టండి. ఖడ్గాన్ని నిలువుగా, మొన పైకి ఉండేలా ఎడమచేత్తో పిడి చివర పట్టుకుని, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో మెల్లగా కొడితే కాడ వదులవుతుంది. రాకపోతే అక్కడితో ఆపండి, సుత్తి జోలికి పోకండి. కాడకు రెండు వైపులా, మొత్తం అలుగుకూ పక్కవెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీయండి. చెక్కిన అక్షరాల మీద పలుచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అచ్చు వస్తుంది. చాలాసార్లు ఫోటో కంటే ఆ అచ్చే బాగా చదవగలుగుతాం.

యుద్ధకాలంలో చేసినదేమోనన్న అనుమానం ఉంటే కాడ మీద చిన్న ముద్ర కోసం వెతకండి. ‘షోవా’ లేదా ‘సెకి’ అన్న ముద్ర ఉంటే అది సాధారణంగా ఆ కాలపు తయారీయే. అయితే తోలు తొడుగు చూసి తొందరపడవద్దు. తాతముత్తాతల నాటి అలుగులను తోలు కప్పిన ఒరలలో పెట్టుకుని యుద్ధానికి వెళ్లిన జపాను సైనికాధికారులు ఎందరో ఉన్నారు.

అడిగినవారు మళ్లీ:

మీరు చెప్పినట్టే చేశాను. తిన్నగా కొలిస్తే 63 సెంటీమీటర్లు. కాడ పొట్టిగా, ముదురు గోధుమ రంగులో ఉంది. రెండు బెజ్జాలున్నాయి, ముద్ర ఏదీ లేదు. మొన పైకి, వాదర ఎడమకు పట్టుకుంటే ఒక వైపు ‘బిషూ ఒసఫునె సుకెసద’ అనీ, రెండో వైపు ‘దైయెయ్ 3వ ఏడు, 8వ నెల’ అనీ ఉన్నట్టు మా ఆఫీసులోని జపాను సహోద్యోగి చదివారు. అంటే 500 ఏళ్ల నాటిదేనా?

సమాధానం:

దైయెయ్ అన్నది జపాను కాలగణనలో ఒక శకం పేరు, దాని 3వ ఏడు అంటే 1523. బిషూ అన్నది జపానులో బిజెన్ అనే పాతకాలపు ప్రాంతానికి పొట్టిపేరు. ఇప్పటి ఒకయామ ప్రాంతం. ఒసఫునె అక్కడి కమ్మరుల ఊరు. వాదర ఎడమకు ఉన్నప్పుడు పేరు కనబడిందంటే, వాదర పైకి ఉండేలా నడుముకు దోపుకోవడానికి చేసిన ఖడ్గమన్నమాట. పొట్టి కాడ, 63 సెంటీమీటర్ల పొడవు ఆ కాలపు ఒంటిచేతి ఖడ్గానికి సరిపోతాయి. రెండో బెజ్జం పిడి మార్చినప్పుడు వేసినది కావచ్చు. నెల 8 అని ఉండటం ఆచారం, చాలామంది 2 గానీ 8 గానీ చెక్కేవారు.

అయినా పేరును చివరగా నమ్మండి. సుకెసద అన్న పేరుతో ఎందరో కమ్మరులు పనిచేశారు. పైగా అది అంతర్యుద్ధాల కాలం కాబట్టి గుంపులుగుంపులుగా చేసి అమ్మిన ఖడ్గాల మీద ఇలాంటి పొట్టి సంతకమే ఉండేది. ప్రత్యేకంగా చేయించుకున్నవాటి మీద ప్రాంతం పేరు పూర్తిగా, కమ్మరి సొంత పేరుతో సహా పొడవుగా చెక్కేవారు. పేరున్న కమ్మరి సంతకాన్ని తరువాతివాళ్లు చెక్కడం కూడా అక్కడ మామూలే. అక్షరాల గాళ్ల లోపలి తుప్పు చుట్టూ ఉన్న తుప్పుతో కలిసిపోయిందా, గాళ్లు మెరుస్తున్నాయా అని భూతద్దంతో చూడండి.

అసలు పరీక్ష అలుగు మీదే ఉంది. చీకటి గదిలో ఒక్క బల్బు కింద అటూ ఇటూ వంచితే వాదర వెంట తెల్లని అలల గీత, అంటే హమొన్, కనిపిస్తుంది. ఆ కాలపు బిజెన్ పనిలో ఆ అలలు కింద విచ్చుకుని, పైన ఎండ్రకాయ గోళ్లలా రెండుగా చీలి ఉంటాయి. వాటిని జపానువారు కూడా ఎండ్రకాయ గోళ్లనే పిలుస్తారు. మధ్యభాగంలో ఉక్కును మడిచి మడిచి కొట్టడం వల్ల చెక్కపేళ్ల వంటి రేకలు కనబడాలి. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కులో కనిపించే అలలు లోహం గడ్డకట్టేటప్పుడు లోపలే పుట్టినవి, ఇవి సుత్తిదెబ్బలతో వచ్చినవి. ఆ రెంటినీ కలపకండి.

అక్షరాల తుప్పు, హమొన్, రేకలు, ఈ మూడూ కుదిరితే టోక్యోలోని జపాను కళాఖడ్గ పరిరక్షణ సంఘం పరిశీలనకు పంపడం గురించి ఆలోచించవచ్చు. 1948లో ఏర్పడిన ఆ సంఘం నాలుగు స్థాయిల ధ్రువపత్రాలు ఇస్తుంది. మొదటి స్థాయి పేరు హొజొన్. జపానులో ఖడ్గం అడుగుపెట్టగానే నమోదు జరగాలి గనుక, ఈ పనిలో అలవాటున్న మధ్యవర్తి ద్వారానే పంపండి. సానపట్టించడం ఆ తరువాతి మాట. సంప్రదాయ పద్ధతి తెలిసిన పనివాడు తప్ప ఎవరూ రాయి తాకించకూడదు, ఎందుకంటే ప్రతి సానతోనూ ఉక్కు కొంత తరిగిపోతుంది.

భారతదేశానికి తెచ్చుకునే ఆలోచన ఉంటే ఖడ్గాలు 1959 ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తాయి కాబట్టి అనుమతులు ముందే చూసుకోండి. ఈలోగా, ఆ పెద్దాయన ఖడ్గాన్ని ఎక్కడ, ఎప్పుడు తెచ్చుకున్నారో వారి అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించి తీసుకోండి; ఒర తొడుగులో గుడ్డముక్క గానీ చెక్కబిళ్ల గానీ ఏదైనా కట్టి ఉందేమో విప్పకుండా చూడండి. యుద్ధం చివర జపాను లొంగుబాటు సమయంలో అక్కడి అధికారులు కొందరు తమ పేరు, ఊరు రాసి అలాంటివి కట్టేవారు. దొరికితే ముడి విప్పకుండానే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదివేందుకు ప్రయత్నిస్తాను.